ముప్పై ఆరు వరసల్లో లేని ఆమెన్

మగ్గం గుంటలో నలభై అయిదేళ్ళు కాళ్ళు ఆడించిన మనిషికి తొక్కుడు చెక్కల గురించి ఎవరైనా చెప్పబోతే నవ్వొస్తుంది. నాగప్పకూ అలాగే వచ్చేది. ఒంటిమిట్ట రోడ్డులో బస్సు దిగి పావుగంట నడిస్తే వచ్చే ఆ నేతగాళ్ళ ఊళ్ళో పడుగు తెగినా, అచ్చు బిగిసినా, అంచులో పువ్వు తప్పినా నాగప్పను పిలవాల్సిందే. పిలవకపోయినా వస్తాడు, అది వేరే సంగతి. అలాంటి మనిషి ఈ ఎండాకాలం నాలుగు రోజులు సొంత మగ్గం ఆపేసి, స్నేహితుడు నెహెమ్యా ఇంట్లో ఒక గిటారు ముందు కూర్చున్నాడంటే వీధివాళ్ళు పనులు మానుకుని గుమ్మంలోంచి తొంగిచూశారు.

అది భుజాన తగిలించుకుని వాయించే గిటారు కాదు. నాలుగు కాళ్ళ బల్ల, దాని మీద పది తీగలు. ఎడమ చేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద ఆనించి పట్టుకోవాలి, కుడి చేత్తో మీటాలి. అంతవరకే అయితే ఓపికున్నవాళ్ళెవరైనా వాయించేస్తారు. అసలు తంటా అంతా బల్ల కింద ఉంది. నేల దగ్గర ఎడమ పాదానికి మూడు పెడళ్ళు. పైన మోకాళ్ళకు నాలుగు లీవర్లు, ఒక్కో మోకాలికి అటొకటి, ఇటొకటి. ఏది నొక్కినా పైన ఏదో ఒక తీగ బిగుస్తుంది, లేదా వదులవుతుంది, స్వరం మారిపోతుంది. కుడి పాదం మాత్రం శబ్దం పెంచి తగ్గించే చెక్క మీద ఉంటుంది, దాని జోలి మనకక్కర్లేదు. దీన్ని పెడల్ స్టీల్ గిటారు అంటారని నెహెమ్యా నలభై ఏళ్ళుగా చెబుతున్నా, ఊళ్ళో దాని పేరు కాళ్ళ గిటారే. ఎప్పుడో అమెరికా నుంచి వచ్చి కొన్నేళ్ళు ఉండివెళ్ళిన పాస్టరు ఒకాయన దాన్ని చర్చికి వదిలి, వాయించడం నెహెమ్యాకు నేర్పి పోయాడు. నెహెమ్యా తప్ప దాన్ని ఇంకెవరూ ముట్టుకోలేదు.

మొన్న ఫిబ్రవరిలో నెహెమ్యాకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క ఉదయంలో పోయాయి. కడపలో డాక్టరు ప్రాణం నిలబెట్టి పంపిస్తూ, ఎడమ పక్క చక్కగా ఉందనీ, రోజూ లేపి కుర్చీలో కూర్చోబెట్టకపోతే ఆ పక్క కూడా పనికిరాకుండా పోతుందనీ గట్టిగా చెప్పాడు. నెల రోజులు నెహెమ్యా చెప్పినట్టల్లా విన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, మొండికేశాడు. భార్య మహిమ లేపబోతే ఉన్న ఒక్క చేత్తో మంచం పట్టెను పట్టుకుని వదిలేవాడు కాదు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి నాలుగు సార్లు వచ్చి, ఇష్టం లేని మనిషిని ఏం చేయగలనని మానేసింది. మనిషి రోజు రోజుకూ చిక్కిపోతున్నాడు.

నాగప్ప రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఒకరోజు మహిమ అతన్ని ఆపి అడిగింది.

"అన్నా, ఈయనేందో అడుగుతాండాడు. రోజుకు పదిసార్లు అడుగుతాండాడు. నాకు తెలీడంలేదు. నువ్వన్నా చూడు."

నెహెమ్యా గొంతులోంచి రెండు మూలుగులు వచ్చాయి. మొదటిది పైన మొదలై కాసేపు నిలిచింది. రెండోది కాస్త కిందికి దిగి, అక్కడ హాయిగా కూర్చుంది. మూలుగుతూ ఎడమ చేతిని గాల్లో పరిచి పట్టుకున్నాడు, కదలకుండా.

నాగప్పకు వెంటనే అర్థమైంది. ప్రతి ఆదివారం చివరి ప్రార్థన అయ్యాక ఆ గిటారు మీద వచ్చే ఆమెన్ అది. నాగప్ప చర్చికి పోయేవాడు కాదు, కానీ అతని మగ్గం చర్చి వెనక గోడకు ఆనుకునే ఉంది. ఆదివారమైనా మగ్గం ఆగదు కదా. పాటలూ ప్రసంగాలూ ఒక చెవిన పోతుండేవి. ఆ ఆమెన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పడుగులోంచి పేక దారం లాక్కెళ్ళే నాడెను ఆపి వినేవాడు. రెండే రెండు మోతలు, మొదటిది రెండోదానిలోకి కరిగిపోయేది. నలభై ఏళ్ళలో ఆ మాట నెహెమ్యాతో ఒక్కసారీ అనలేదు. ఎదురుపడితే మాత్రం "ఏమప్పా, గుడ్డ నేయని మగ్గం ఎట్లుండాది?" అని ఎకసెక్కాలాడేవాడు.

ఫోనులో ఉన్న పాత రికార్డు వినిపించి చూశారు. నెహెమ్యా ఫోను తోసేశాడు. చర్చిలో ఇప్పుడు కీబోర్డు వాయించే ఏసేపు తన మామూలు గిటారు తెచ్చి, ఉక్కు కడ్డీని దాని తీగల మీద పై నుంచి కిందికి జరిపి రెండు మోతలూ వచ్చాయని చూపించాడు. నెహెమ్యా తల అడ్డంగా ఊపాడు. చేతిని మళ్ళీ గాల్లో కదలకుండా పట్టాడు. చెయ్యి కదలకూడదు, మోత మారాలి. అంటే అది కాళ్ళ పని. ఏ పెడలు, ఏ లీవరు?

అది ఎవరికీ తెలియదు. ఒక్కో పెడలు గురించీ అడిగితే నెహెమ్యా తికమకపడేవాడు, ఆ సంగతి అతని కాలికే తెలుసు. నలభై ఏళ్ళు అందరి ముందూ వాయించిన మనిషి కాళ్ళు ఒక్కరూ చూడకపోవడం ఏమిటని అడగవచ్చు. చర్చిలో జనం బండల మీద చాపలేసుకుని కూర్చుంటారు, కళ్ళు సరిగ్గా మోకాళ్ళ ఎత్తులో ఉంటాయి. ప్రార్థన వేళ ఒక మగమనిషి తొడలు అటూ ఇటూ ఆడిస్తుంటే చూడటానికి బాగాలేదని అప్పటి పెద్దలు అభ్యంతరపెట్టారు. మహిమే తెల్లటి గుడ్డతో చుట్టూ తెర కుట్టిపెట్టింది. అలా సంఘం మర్యాద నిలబడింది, నెహెమ్యా విద్య తెర వెనక ఉండిపోయింది.

"నేను కనుక్కుంటా," అన్నాడు నాగప్ప. "కాళ్ళతో పనంటే నాకు తెలీనిదా? గిటారు ఇంటికి తెప్పీ."

పైకి ధీమాగా అన్నాడు గానీ లోపల భయంగానే ఉంది. ఆ మోత దొరికితే నెహెమ్యా లేచి కూర్చుంటాడని అతని నమ్మకం. దొరకకపోతే ఇక లేవడని కూడా అంతే గట్టిగా అనిపించింది. నలుగురు కలిసి గిటారును, దాని స్పీకరు పెట్టెతో సహా, మోసుకొచ్చి మంచానికి ఎదురుగా పెట్టారు.

లెక్క కోసం నాగప్ప పక్క వీధిలో ఉండే శిరీన్ దగ్గరికి పోయాడు. హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె ఫోనులో రెండు వీడియోలు వెతికి చూపించింది కూడా. వాటిలో కెమెరా అంతా చేతుల మీదే ఉంది. పైగా ఈ పెడళ్ళూ తీగలూ ఎవరికి తగినట్టు వాళ్ళు మార్చి కట్టుకుంటారట, నెహెమ్యా ఏవి ఎట్లా కట్టుకున్నాడో. ఫోను పక్కన పెట్టి ఆమె కాగితం తీసుకుంది.

"ఏడు ఉండాయి కదా మామా, మూడు పెడళ్ళు, నాలుగు లీవర్లు. ఒక్కోదాన్ని నొక్కొచ్చు, నొక్కకపోనూవచ్చు. ఒక్కోదానికి రెండు దారులు. రెండును ఏడు సార్లు హెచ్చిస్తే నూట ఇరవై ఎనిమిది."

"నూట ఇరవై ఎనిమిదా? మా నెహెమ్యాకు అన్ని కాళ్ళు యాడుండాయమ్మా?"

"లెక్క మనిషిని చూడదు మామా. లీవర్లనే చూస్తాది."

"అయితే ఆ లెక్కను తీసుకొచ్చి మనిషి మీద కూర్చోబెట్టు."

శిరీన్ నవ్వింది, కానీ ఆలోచించింది. నాగప్ప కుర్చీలో కూర్చుని మోకాళ్ళు ఆడించి చూపించాడు. ఎడమ మోకాలు ఎడమకన్నా పోతుంది, కుడికన్నా పోతుంది, ఊరికే అయినా ఉంటుంది. ఒకేసారి రెండు వైపులా పోదు. కాబట్టి నాలుగు కాదు, మూడు. కుడి మోకాలికీ అంతే, మూడు.

"ఇంక పెడళ్ళు మామా? మూడింటికీ కలిపి ఎనిమిది రకాలు."

"ఎనిమిదేంది? కాలు ఒక్కటి, ఎడమ కాలు. మొదటిది తొక్కుతాడు, లేదంటే రెండోది, లేదంటే మూడోది. ఏదీ తొక్కకుండా ఉంటాడు. నాలుగు. ఒక కాలుకు ఒక చెక్క, అంతే. రెండు తొక్కితే పని చెడుతాది. నేను చెప్తాండా కదా, రాసుకో."

తొక్కుడు చెక్కల విషయంలో నాగప్పతో వాదించడానికి ఆ ఊళ్ళో ఎవరికీ ధైర్యం లేదు, టీచరుకు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? రాసుకుంది. నాలుగు ఇంటూ మూడు ఇంటూ మూడు, ముప్పై ఆరు.

నాగప్ప చీర అంచులు గీసుకునే గళ్ళ కాగితం ఒకటి తీశాడు. అంచు పువ్వుకు ఏ పోగు లేవాలో అక్కడ గడి నలుపుతారు, లేవనక్కర్లేని చోట వదిలేస్తారు. ఇదీ అదే పని. అడ్డంగా ఏడు గళ్ళు, నిలువుగా ముప్పై ఆరు వరసలు. నొక్కేదానికి పెన్సిలుతో నలుపు, నొక్కనిదానికి తెలుపు. మొదటి వరస మొత్తం తెల్లగా ఉంది. ఆఖరి వరస దాకా గీసి దూరంగా పట్టుకుని చూస్తే ఒక కొత్త రకం అంచులా ఉంది. చీర మీద వేస్తే బాగుంటుందని కూడా ఒక క్షణం అనిపించింది, పుట్టుక అలాంటిది.

మరుసటి రోజు పొద్దున మొదలుపెట్టాడు. పాదాలు కడుక్కుని, మగ్గంలో కూర్చునేటట్టే ఉత్త కాళ్ళతో కూర్చున్నాడు. తొక్కుడు చెక్కను బొటనవేలితో పట్టి అదిమే అలవాటు అతనిది, పెడళ్ళనూ అలాగే అదిమాడు. తీగల కింది గీతల్లో, ఆమెన్‌కు నెహెమ్యా చెయ్యి ఆగేదని ఏసేపు చెప్పిన ఎనిమిదోదాని మీద కడ్డీని కదలకుండా పెట్టి, వరసలో ఉన్నట్టు నొక్కి మీటేవాడు, తర్వాత అన్నీ వదిలేసి మోత మారనిచ్చేవాడు. మీటి మంచం వైపు చూసేవాడు. నెహెమ్యా కళ్ళు మూసుకుని వినేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. నాగప్ప ఆ వరస చివర ఒక గీత గీసేవాడు. ఒక్కో వరసను మూడు సార్లు చూడందే వదల్లేదు. కొన్ని మోతలు చెవికి ఇంపుగా ఉండేవి, కొన్ని వింటే పళ్ళు పులిసేవి. పదకొండో వరస దగ్గర నెహెమ్యా కళ్ళు తెరిచాడు. మహిమ వంటింట్లోంచి పరుగున వచ్చింది. కానీ అతను మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. దగ్గరికి వచ్చింది గానీ అది కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ముప్పై ఆరో వరస అయిపోయింది. నెహెమ్యా ఈసారి కాదని తల కూడా ఊపలేదు. మెల్లగా మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

నాగప్పకు కోపం వచ్చింది. నాలుగు రోజుల అలసట, వేడి, భయం అన్నీ కలిసి కోపంగానే బయటికి వచ్చాయి. "ఉండేవి ముప్పై ఆరే. అన్నీ వినిపిస్తి. గిటారన్నా చెడిపోయుండాల, నువ్వన్నా మర్చిపోయుండాల. నాకాడ తప్పులేదు," అన్నాడు తన వైపు తిరిగిన వీపుతో. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. మాటలేని మనిషితో గెలిచి ఏం చేసుకుంటాడు?

మహిమ లోపలికి పోయి ఒక సంచి తెచ్చి నాగప్ప పక్కన పెట్టింది.

"ఈయన చర్చి బూట్లన్నా. మీ వీధిలో ఎవరికన్నా సరిపోతే ఇచ్చేయ్. ఇంక వేసుకునేది లేదులే." గొంతు మామూలుగానే ఉంది. "ఎంత ఎండల్లో అయినా బూట్లు లేకుండా దాని ముందర కూర్చునేవాడు కాదు. సోకు అనుకుంటాంటి."

నాగప్ప ఊరికే, చేతులకు పని లేక, ఎడమ బూటు తీసి తిరగేశాడు. వెడల్పాటి నల్ల బూటు. మడమ దగ్గర అడుగు బాగానే ఉంది. ముందు భాగంలో మాత్రం రెండు చోట్ల అరిగిపోయింది. బొటనవేలి కింద ఒక గాడి, చిటికెనవేలి కింద ఇంకో గాడి. రెండింటి మధ్య తోలు కొత్తదానిలా ఉంది.

చాలాసేపు దాన్నే చూశాడు. ఒక చెక్క తొక్కే కాలికి ఒక గాడి పడుతుంది. రెండు గాళ్ళు ఎందుకు పడతాయో అతనికి తెలుసు. తెలిసిన వెంటనే ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

నెహెమ్యాకు పదహారేళ్ళప్పుడు నేత నేర్చుకుంటానని నాగప్ప నాయన దగ్గరికి వచ్చాడు. వెడల్పు పాదం అతనిది. ఒక చెక్క తొక్కమంటే రెండూ తొక్కేవాడు. మగ్గంలో రెండూ ఒకేసారి దిగితే పడుగు తెరుచుకోదు, నాడెకు దారి ఉండదు, పోయి దారాల్లో దూరి తెంపుతుంది. పది రోజుల్లో ఎన్ని పోగులు తెగాయో. నాయన ఓపికస్తుడు, అదే వస్తుందిలే అన్నాడు. నాగప్పే అన్నాడు, నెహెమ్యా వింటుండగానే, "ఈ కాలు దేనికీ పనికిరాదు నాయనా, పంపించేయ్" అని. మర్నాటి నుంచి నెహెమ్యా రాలేదు. ఆ అమెరికా పాస్టరు ఇంట్లో చెట్లకు నీళ్ళు పోసే పనికి కుదిరాడు. అప్పట్లో ఆ ఇంట్లోనే ఉండేది ఈ గిటారు. తర్వాత నలభై ఏళ్ళ స్నేహంలో నెహెమ్యా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నాగప్ప దాన్ని మర్చిపోయాడు కూడా. అన్నవాడికి గుర్తుండాల్సిన అవసరం ఏముంది?

గళ్ళ కాగితం ముందుకు లాక్కున్నాడు. మొదటిదీ రెండోదీ కలిపి. రెండోదీ మూడోదీ కలిపి. మధ్యది వదిలి చివరివి రెండూ పాదానికి అందవు, మూడూ కలిపి అంత పాదం ఎవరికీ ఉండదు. అంటే పెడళ్ళకు నాలుగు కాదు, ఆరు. ఆరు ఇంటూ మూడు ఇంటూ మూడు, యాభై నాలుగు. పద్ధెనిమిది వరసలను అతను లెక్కలోకే రానివ్వలేదు. తన మగ్గంలో తప్పయింది కాబట్టి ఈ లోకంలో ఎక్కడైనా తప్పే అనుకున్నాడు.

బూటు వేసుకున్నాడు. మగ్గం తప్ప ఎరగని పాదం అందులో ఇరుకుపడింది, అయినా దూర్చాడు. మొదటి రెండు పెడళ్ళ మీద పాదం అడ్డంగా ఆనించి ఒక్కసారిగా దించాడు. దించేటప్పుడు నలభై అయిదేళ్ళ అలవాటు అడ్డొచ్చి ఒళ్ళు జలదరించింది, ఎక్కడో పోగు తెగుతుందన్నట్టు. మీటాడు. కాలు ఎత్తేశాడు.

మొదటి మోత పైన నిలిచింది, రెండోదిగా మారి కిందికి దిగింది. కడ్డీ కదల్లేదు.

మంచం కిర్రుమంది. నెహెమ్యా ఇటు తిరిగి ఉన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు, కానీ మొహంలో సంతోషం కాదు, చిరాకు. అచ్చంగా చిరాకు. చేత్తో వద్దు వద్దని ఊపుతూ మంచం అంచుకు జరిగాడు. ఎడమ మోచేతి మీద లేచాడు. మహిమ పట్టుకోబోతే ఆమె భుజం ఆసరా తీసుకుని కూర్చున్నాడు, రెండు నెలల తర్వాత. వంగి నాగప్ప చీలమండ పట్టుకున్నాడు. బూటును రెండు పెడళ్ళ మీదికి నొక్కించి, అప్పుడు పాదాన్ని ఒక పక్కకు మెల్లగా ఒరిగించాడు. ముందు ఒక పెడలు లేచింది. రెప్పపాటు ఆగి రెండోది. నాగప్ప రెండూ కలిపి ఎత్తేశాడు, అదీ నెహెమ్యా చిరాకు.

నాగప్ప మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు. ఇంకోసారి. రాలేదు. అంత వయసులో ఆ కాలు ఒరగనంటుంది. నెహెమ్యా గొంతులోంచి కసురుతున్నట్టు ఒక శబ్దం వచ్చింది. కుర్చీ వైపు వేలు చూపించాడు.

ఇద్దరూ కలిసి అతన్ని కుర్చీలోకి దించారు. గిటారు ముందుకు జరిపారు. మహిమ ఎడమ కాలికి బూటు తొడిగి తాడు బిగించింది. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ పెట్టారు. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. నెహెమ్యా దాన్ని ఒకసారి చూసుకుని, నాగప్ప వైపు చూశాడు. నాగప్ప స్టూలు లాక్కుని అతని కుడి పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నాడు.

ఎడమ పాదానికి ఆరు, ఎడమ మోకాలికి మూడు. పద్ధెనిమిది రకాలు ఈ మనిషిలో ఇంకా బతికే ఉన్నాయని నాగప్ప లెక్క వేసుకున్నాడు. శిరీన్ లేకుండానే వచ్చింది ఆ లెక్క.

"నెహెమ్యా," అన్నాడు. "ఆ పొద్దు మా నాయనకాడ నీ కాలు దేనికీ పనికిరాదంటి. గుర్తుండాదా నీకు?"

నెహెమ్యా తీగల వైపే చూస్తూ తల నిలువుగా ఊపాడు.

"తప్పంటినప్పా. శానా తప్పంటి."

నెహెమ్యా ఎనిమిదో గీత మీద కడ్డీ ఆనించాడు. ఎడమ పాదం రెండు పెడళ్ళ మీదా దించి, అలాగే అదిమి పట్టుకుని, నాగప్ప చెయ్యి కోసం ఆగాడు.

నాగప్ప మీటాడు.